ఒంటికాలి మీద నిలబడి వినే ధర్మశాస్త్రం: రెండు ఆజ్ఞల్లో అంతా వచ్చేసినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అనే రెండు ఆజ్ఞల్లో ధర్మశాస్త్రం (మోషే అయిదు కాండాలు, యూదులు తోరా అంటారు) అంతా ఉందని యేసు చెప్పాడు. మీ సండే స్కూల్ టీచర్ దాన్ని "ధర్మశాస్త్రం పోయింది, ప్రేమ వచ్చింది" అని వివరించారు. న్యూజెర్సీలో మీతో పనిచేసే యూదు స్నేహితుడికి ఇదే మాట చెబితే ఆయన నవ్వి, "అవి రెండూ మావే కదయ్యా" అన్నాడు. మరి వాళ్లకు ముందే తెలిసుంటే ఇంకా ధర్మశాస్త్రంలో ఉన్నాయని వాళ్లు లెక్కపెట్టే ఆ 613 ఆజ్ఞలు పట్టుకుని కూర్చోవడం ఎందుకు, అని మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్లు ఒక బైబిల్ కాలేజీలో పాత నిబంధన, హీబ్రూ చెప్పాను. మొదటి మూడు నాలుగేళ్లు నేనూ మీ టీచర్ చెప్పినట్టే చెప్పాను, దాచుకోవడం ఎందుకు. అప్పట్లో మాకిచ్చిన నోట్సులో అలాగే ఉండేది: యూదులది ఎండిపోయిన చట్టం, యేసుది ప్రేమ. తరవాత తాల్ముద్ (రబ్బీలు అనే యూదు గురువుల చర్చల పెద్ద సంకలనం) కాస్త చదవడం మొదలుపెట్టాక ఆ నోట్సు కట్ట అటక మీదికి పోయింది. మీ స్నేహితుడు నవ్వడంలో తప్పులేదు. అయితే మీ టీచర్ మాటలో కూడా పట్టుకోవాల్సిన కొస ఒకటుంది, అది తరవాత చెప్తాను.

ముందు సువార్తల్లో ఏముందో నెమ్మదిగా చూడండి, చాలామంది మూడు సువార్తల కథనీ కలిపి ఒకే ముద్దగా గుర్తుపెట్టుకుంటారు. మార్కు 12లో ఒక శాస్త్రి (ధర్మశాస్త్రం చదివిన పండితుడు) వచ్చి ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని అడుగుతాడు. అడిగింది ఒకటి, యేసు చెప్పింది రెండు. మొదటిది ద్వితీయోపదేశకాండము 6:4-5, రెండోది లేవీయకాండము 19:18. శాస్త్రి బాగా చెప్పావని ఒప్పుకోవడమే కాకుండా, ఇవి దహనబలులన్నిటికంటే ఎక్కువ అని తన మాట కూడా కలుపుతాడు. ఈ సంభాషణ జరిగింది దేవాలయం ఆవరణలో అన్నది మర్చిపోకండి, బలిపీఠం మీద పొగ లేస్తుండగా ఆ పక్కనే నిలబడి అన్న మాట అది. యేసు అతనితో "నీవు దేవుని రాజ్యమునకు దూరముగ లేవు" అంటాడు. ఇద్దరి మధ్య గొడవేమీ లేదు. మత్తయిలో కాస్త ఘాటు ఎక్కువ, అక్కడ అడిగేవాడు పరీక్షించడానికి వస్తాడు, ఈ మెచ్చుకోళ్లేవీ ఉండవు. ఇక లూకా 10కి వచ్చేసరికి వరసే మారిపోతుంది. నిత్యజీవానికి ఏం చేయాలని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగితే, ధర్మశాస్త్రంలో ఏం రాసుంది, నువ్వేం చదువుతున్నావు అని యేసే ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ రెండు ఆజ్ఞలూ కలిపి చెప్పేది ఆ ఉపదేశకుడే. యేసు సరిగ్గా చెప్పావంటాడు, అంతే. అంటే లూకా లెక్కన, ఈ సారాంశం ఒక యూదు పండితుడికి నోటికి వచ్చిన పాఠం.

మొదటి ఆజ్ఞ సంగతి. "ఇశ్రాయేలూ వినుము" అని మొదలయ్యే ఆ భాగాన్ని యూదులు షెమా అంటారు. షెమా అంటే వినుము, అంతే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పుకుంటారు, మొదటి వాక్యం చెప్పేటప్పుడు కుడిచేత్తో కళ్లు మూసుకుంటారు. పిల్లలు పడుకునే ముందు చెప్పిస్తారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే చిన్న సమాజం ఉంది, తాము యూదులమని చెప్పుకుంటారు, వాళ్లకో సమాజమందిరం కూడా ఉంది. ఎప్పుడైనా అటు వెళితే చూడండి, ఈ విషయం అంత దూరపుదేమీ కాదు.

మీ స్నేహితుడి ఇంటికి వెళ్లినప్పుడు గుమ్మానికి కుడివైపు ద్వారబంధం గమనించండి. వేలెడంత పొడవున్న చిన్న గొట్టమో డబ్బీయో కొట్టి ఉంటుంది. దాన్ని మెజూజా అంటారు. లోపల తోలు కాగితం మీద చేత్తో రాసిన ఇరవై రెండు పంక్తులుంటాయి, మొత్తం 713 అక్షరాలు, మొదటి మాట ఈ షెమాయే. ఒక్క అక్షరం చెరిగినా అది పనికిరాదు, అందుకే కొన్నేళ్లకోసారి తీసి, అక్షరాలు చెక్కుచెదరలేదని చూపించుకుంటారు. చాలా ఇళ్లలో అది నిటారుగా ఉండదు, కాస్త వాలుగా ఉంటుంది. నిలువుగా పెట్టాలని రాషీ అనే పెద్దాయన, కాదు అడ్డంగా పెట్టాలని ఆయన మనవడు, ఇద్దరి మాటా తీసేయలేక యూరప్ యూదులు ఏటవాలుగా పెట్టేశారు. నాకు ఇది భలే ఇష్టం. "దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించు" అని రాసిన కాగితాన్ని ఏ కోణంలో పెట్టాలన్నదాని మీద తాతా మనవళ్ల వాదన! బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. వాళ్లకు మాత్రం ప్రేమ అంటే అంత పట్టించుకోవడమే.

అసలు ప్రేమించమని ఆజ్ఞాపించడం ఏమిటి, ప్రేమ పుట్టాలి కదా అని క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. మంచి ప్రశ్నే. ఆ కాలపు రాజకీయ ఒప్పందాలు చూస్తే కొంత తెలుస్తుంది. క్రీ.పూ. 672లో అష్షూరు రాజు ఏసర్హద్దోను తన కింది సామంతుల చేత ఒట్టు వేయించాడు, తన కొడుకు అష్షూర్బనిపాల్‌ను మీ ప్రాణంలా ప్రేమించాలని. ఆ సామంతులకు ఆ రాకుమారుడి మీద గుండెల్లో ఏదో పొంగిపోవాలని కాదు ఆ రాజు ఉద్దేశం. ద్రోహం చేయొద్దు, ఇంకో రాజు పంచన చేరొద్దు అని. ద్వితీయోపదేశకాండంలో ప్రేమ అనే మాటకు ఈ నమ్మకంగా ఉండటమనే అర్థం బలంగా ఉంది, దీన్ని 1963లో విలియం మోరన్ అనే పండితుడు ఒక వ్యాసంలో వివరంగా చూపించాడు. అందుకని అందులో మమకారమే లేదనుకోకండి. కాకపోతే పని లేని మమకారం ఆ మాటకు లెక్కలోకి రాదు.

రబ్బీలు ఆ వచనాన్ని మాట మాటా విడదీశారు. హృదయానికి అక్కడున్న హీబ్రూ మాట లేవావ్, అందులో బ అనే అక్షరం రెండుసార్లు వస్తుంది (పలకడంలో వ అవుతుంది). ఒక్కసారి రాసినా సరిపోయే మాటే. రెండుసార్లు ఎందుకుంది? మనిషిలో మంచి వైపు లాగేది ఒకటి, చెడు వైపు లాగేది ఒకటి, రెండింటితోనూ దేవుణ్ణి ప్రేమించమని అంటుంది మిష్నా (తాల్ముద్‌కు మూలమైన పాత సంకలనం). పూర్ణాత్మతో అంటే నీ ప్రాణం తీసినా సరే అని. మన తెలుగు బైబిల్లో పూర్ణశక్తితో అని ఉన్నచోట హీబ్రూలో మెఓద్ అని ఉంది, అది నిజానికి "చాలా" అనే మాట, "నీ చాలాతో" అంటే వింతగా ఉంటుంది కాబట్టి శక్తి అన్నారు. రబ్బీలు దానికి ఇచ్చిన అర్థం, నీ డబ్బుతో. ప్రాణం ఇస్తానన్నాక డబ్బు ఎందుకు చెప్పడం అంటే, ప్రాణం కంటే డబ్బు తీపిగా ఉన్నవాళ్లూ ఉంటారు కదా అని తాల్ముద్ జవాబు. ఈ ముక్క చెప్పగానే క్లాసులో నవ్వులు, ప్రతి ఒక్కరికీ ఎవరో ఒక బంధువు గుర్తొచ్చేవాడు.

ప్రాణం తీసినా సరే అన్నది వట్టి మాటగా మిగల్లేదు. రోమన్ల మీద యూదులు చేసిన బార్ కొఖ్బా తిరుగుబాటు (క్రీ.శ. 132-135) రోజుల్లో రోమన్లు రబ్బీ అకివాను ఇనప దువ్వెనలతో ఒళ్లు చీరి చంపారని తాల్ముద్ చెప్తుంది. అది షెమా చెప్పుకునే వేళ. ఆయన చెప్పుకుంటూ ఉన్నాడు. గురువుగారూ, ఇంత బాధలో కూడానా అని శిష్యులు అడిగితే, "ప్రాణం తీసినా సరే అన్న మాట నేనెప్పుడు నెరవేరుస్తానా అని బతుకంతా దిగులుపడ్డాను, ఇప్పుడు చేతికందితే వదులుతానా" అన్నాడు. షెమా మొదటి వాక్యంలో "ఒక్కడే" అనే చివరి మాటను సాగదీసి పలుకుతుండగా ప్రాణం పోయింది. ఈ అకివాను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక రెండోది. దీని విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, లేవీయకాండము 19లోంచి ఒక్క సగం వచనాన్ని కోసి తీసి ఫ్రేము కట్టుకోవడం. అధ్యాయం మొత్తం ఒకసారి పైకి చదవండి, పది నిమిషాలు కూడా పట్టదు. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. చెవిటివాణ్ణి తిట్టొద్దు (వాడికి వినపడదు కదా, అయినా సరే). గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు. తీర్పు చెప్పేటప్పుడు గొప్పవాడి మొహం చూడొద్దు, బీదవాడని కూడా పక్షపాతం చూపొద్దు. కొండేలు చెబుతూ తిరగొద్దు. ఇవన్నీ అయ్యాక, పగ తీర్చుకోవద్దు, కోపం మనసులో పెట్టుకోవద్దు, "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను, నేను యెహోవాను" అని వస్తుంది. ఆ తరవాత వెంటనే రెండు రకాల గింజలు కలిపి చల్లొద్దు, రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టొద్దు! అధ్యాయం చివర్లో తక్కెడ సరిగ్గా ఉండాలి, రాళ్లు సరిగ్గా ఉండాలి, కొలత కుంచం సరిగ్గా ఉండాలి. పొలం, కూలి, కోర్టు, తక్కెడ, వీటన్నిటి నడుమ కూర్చున్న మాట అది. దాన్ని అక్కడినుంచి లేపి గ్రీటింగ్ కార్డు మీద పెడితే తియ్యగానే ఉంటుంది, కానీ సాయంత్రానికి కూలి అందాల్సిన మనిషి అందులో కనిపించడు.

వ్యాకరణం చిన్న ముక్క ఒకటి చెప్తాను, విసుక్కోకండి. తెలుగులో "పొరుగువాని" ప్రేమించమని ఉంది, అంటే ద్వితీయా విభక్తి. దేవుణ్ణి ప్రేమించమన్నచోట హీబ్రూలో కూడా అలాగే ఉంది. కానీ పొరుగువాడి దగ్గరికి వచ్చేసరికి హీబ్రూలో "లె" అనే ముక్క వస్తుంది, వె-ఆహవ్తా లె-రేయఖా కమోఖా. ఆ "లె" మన "కి, కు" లాంటిది. పొరుగువాడికి ప్రేమించు అన్నట్టు. తెలుగులో అది కుదరదు, కానీ అర్థం ఊహించొచ్చు. 13వ శతాబ్దంలో నహ్మనిడీస్ అనే వ్యాఖ్యాత దీన్ని పట్టుకున్నాడు. ప్రతి మనిషినీ తనంత గాఢంగా ప్రేమించడం మనసుకు సాధ్యం కాదు, నీకు మంచి జరగాలని ఎలా కోరుకుంటావో అతనికీ అలాగే కోరుకో, అతనికి నీకంటే కాస్త తక్కువ మంచి జరిగితే బావుండునన్న ఆ చిన్న అసూయ కూడా ఉంచుకోకు, అన్నాడు. నాకైతే ఈ చివరి ముక్క దగ్గర గుచ్చుకుంటుంది. పక్కింటివాళ్ల అబ్బాయికి ఉద్యోగం వస్తే సంతోషమే, మనవాడికంటే జీతం ఎక్కువని తెలిసినప్పుడు మన మొహం చూసుకోవాలి.

పగ, కోపం అన్నవాటిని కూడా రబ్బీలు గాల్లో వదిలేయలేదు. ఒకతను పక్కవాణ్ణి కొడవలి అడిగాడు. ఇవ్వనన్నాడు. మర్నాడు ఆ ఇవ్వనన్నవాడే వచ్చి గొడ్డలి ఇమ్మన్నాడు. "నిన్న నువ్వు కొడవలి ఇచ్చావా, నేనూ గొడ్డలి ఇవ్వను" అంటే అది పగ. సరే, "ఇదిగో తీసుకో, నేను నీలాంటివాణ్ణి కాదు" అని ఇస్తే? అది కోపం మనసులో పెట్టుకోవడం, అదీ నిషేధమే. ఇచ్చాడు కదా అంటే కుదరదు, ఇస్తూ ఆ మాట అన్నాడు. మన ఊళ్లలో పారలూ నిచ్చెనలూ అడిగి తెచ్చుకున్నవాళ్లందరికీ ఈ రెండో మనిషి బాగా తెలుసు.

పొరుగువాడు ఎవరు అన్న గొడవ కూడా ఇక్కడే ఉంది. రేయ అనే మాటకు పక్కింటివాడు అని అర్థం కాదు, తోటివాడు. లేవీయకాండం 19:18లో "నీ ప్రజలు" అన్న మాట ముందే ఉంది కాబట్టి అక్కడ తోటి ఇశ్రాయేలీయుడే అని చాలామంది చదివారు. నిజమే. కానీ అదే అధ్యాయం 34వ వచనంలో పరదేశిని కూడా నిన్నువలె ప్రేమించు, ఐగుప్తులో (ఈజిప్టులో) మీరూ పరదేశులే కదా అని ఉంది. అదే "వె-ఆహవ్తా", అదే "కమోఖా". తరవాతి రబ్బీలు ఆ పరదేశి అంటే యూదు మతంలోకి వచ్చినవాడని కుదించారు, అది కూడా దాచకూడదు. ఇంకో సంగతి, నిర్గమకాండము 11లో ఇశ్రాయేలీయులు తమ పొరుగువాళ్లను వెండి నగలు అడుగుతారే, ఆ పొరుగువాళ్లు ఐగుప్తీయులు, అక్కడా మాట రేయ అనే. కాబట్టి మాట మట్టుకు తలుపు తెరిచే ఉంచింది.

లూకాలో ఆ ఉపదేశకుడు అడిగింది సరిగ్గా ఇదే. జవాబుగా మంచి సమరయుడి కథ: యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని ఒక యాజకుడు, ఒక లేవీయుడు (ఆలయ సేవకుడు) చూసి తప్పుకుని పోతారు, మూడోవాడు ఆగి ఆదుకుంటాడు. ఈ కథ మీద ప్రసంగాలు విని విని నాకు ఒక చిరాకు ఉంది, చెప్పనివ్వండి. యాజకుడు శవాన్ని ముట్టుకుంటే మైలపడతాడు, దేవాలయంలో సేవ చేయలేడు, అందుకే తప్పుకుని వెళ్లాడు, చూశారా ధర్మశాస్త్రం ఎంత కఠినమో, అంటారు. యాజకుడు "ఆ త్రోవను దిగి" వెళ్తున్నాడని లూకా రాశాడు. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల పైన, యెరికో 250 మీటర్ల కింద. దిగుతున్నాడంటే దేవాలయం నుంచి వెనక్కి పోతున్నాడు, సేవ అయిపోయింది. పైగా దారిలో దిక్కులేని శవం కనిపిస్తే యాజకుడైనా, చివరికి ప్రధాన యాజకుడైనా మైల లెక్కచేయకుండా పూడ్చాలని మిష్నా చెప్తుంది. అంటే ఆ యాజకుడు చట్టం పాటించి వెళ్లిపోలేదు, చట్టం తప్పి వెళ్లిపోయాడు. యేసు మాట విన్నవాళ్లకు ఇది అర్థమయ్యే ఉంటుంది.

అసలు కుదుపు మూడోవాడి దగ్గర. యాజకుడు, లేవీయుడు అయ్యాక మూడోవాడు మామూలు ఇశ్రాయేలీయుడు రావాలి, వినేవాళ్లు అదే అనుకుంటారు. వచ్చింది సమరయుడు. గెరిజీము కొండ మీద సమరయుల ఆలయాన్ని అంతకు నూరేళ్లకు పైగా ముందే యూదు పాలకుడు యోహాను హిర్కానస్ కూల్చేశాడు, అంతటి వైరం. కానీ సమరయుల గ్రంథం కూడా ఈ అయిదు కాండాలే. ఇప్పటికీ నాబ్లస్ దగ్గరా హోలోన్‌లోనూ కొన్ని వందల మంది ఉన్నారు, అదే తోరా చదువుతారు. లేవీయకాండం 19:18 ఆ సమరయుడి పుస్తకంలో కూడా ఉంది! ఈ పాయింటు ప్రసంగాల్లో ఎందుకు రాదో నాకు తెలియదు. కథ అయ్యాక వీళ్లలో పొరుగువాడెవరు అని యేసు అడిగితే, ఉపదేశకుడి నోట "సమరయుడు" అన్న మాట రాదు. "వానిమీద జాలిపడినవాడే" అంటాడు.

ఇక ఈ కుదించి చెప్పడం అనే సంప్రదాయం. తాల్ముద్‌లో బాగా తెలిసిన కథ, యూదుడు కాని ఒకతను షమ్మాయ్ అనే పండితుడి దగ్గరికి వచ్చి, నేను ఒంటికాలి మీద నిలబడి ఉన్నంతలో తోరా అంతా నేర్పితే మీ మతంలోకి వస్తానన్నాడు. షమ్మాయ్ చేతిలో మేస్త్రీ కొలబద్ద ఉంది, దాంతో గెంటేశాడు. (నాకు షమ్మాయ్ మీద కాస్త సానుభూతే, పరీక్షకు ముందురోజు వచ్చి సిలబస్ అంతా ఒక్క ముక్కలో చెప్పండి సార్ అన్నవాళ్లను నేనూ చూశాను.) అతను హిల్లేల్ అనే ఇంకో పండితుడి దగ్గరికి వెళ్లాడు. హిల్లేల్ అన్నాడు: నీకు అసహ్యమైనది నీ తోటివాడికి చేయకు, తోరా అంటే ఇదే, మిగతాదంతా దాని వ్యాఖ్యానం, వెళ్లి నేర్చుకో. హిల్లేల్ యేసు కంటే ఒక తరం పైవాడు. మనకు తిక్కన గారి "ఒరులేయవి యొనరించిన" పద్యం బళ్లో చెప్పారు కదా, ఇతరులు ఏది చేస్తే నీ మనసుకు కష్టమో అది నువ్వు ఇతరులకు చేయకపోవడమే ధర్మాలన్నిటికీ మూలమని. రెండు దేశాలు, మధ్యలో పన్నెండు వందల ఏళ్లకు పైగా దూరం, చెప్పిన మాట దాదాపు ఒకటే.

అకివా "నిన్నువలె నీ పొరుగువాని" అన్నదే తోరాలో పెద్ద సూత్రం అన్నాడు. ఆయన తోటి పండితుడు బెన్ అజ్జాయ్ ఒప్పుకోలేదు. ఆదికాండము 5:1, దేవుడు తన పోలికతో ఆదామును చేశాడని మొదలయ్యే వంశావళి ఉందే, అది ఇంకా పెద్ద సూత్రం అన్నాడు. ఎందుకంటే "నిన్నువలె" అంటే తనను తాను నీచంగా చూసుకునేవాడు ఎదుటివాణ్ణీ అలాగే చూస్తాడు, ఎదుటివాడిలో ఉన్నది దేవుడి పోలిక అంటే ఆ బెడద లేదు. ఇంకోచోట రబ్బీ సిమ్లాయ్, సీనాయి కొండ దగ్గర మోషేకు ఇచ్చిన ఆజ్ఞలు 613 అని మొదలుపెడతాడు, చేయకూడనివి 365, సంవత్సరంలో రోజులన్ని, చేయాల్సినవి 248, ఒంట్లో అవయవాలన్ని. తరవాత దావీదు 15వ కీర్తనలో వాటిని పదకొండుకు తెచ్చాడు, యెషయా ఆరుకు, మీకా మూడుకు (న్యాయం, కనికరం, దేవుడితో వినయంగా నడవడం), మళ్లీ యెషయా రెండుకు, చివరికి ఆమోసు, హబక్కూకు ఒక్కోదానికి తెచ్చారని సాగుతుంది ఆ చర్చ. అలెగ్జాండ్రియాలో యేసు కాలంలోనే బతికిన యూదు తత్వవేత్త ఫిలో కూడా ధర్మశాస్త్రమంతా రెండు శీర్షికల కింద సర్దాడు, దేవుడి పట్ల భక్తి, మనుషుల పట్ల న్యాయం, దయ.

మరి యేసు చేసింది ఏమీ లేదా? ఉంది. మనకు దొరికిన రాతల్లో ఈ రెండు వచనాలనే ఎంచుకుని, ఇది మొదటిది, ఇది రెండోది అని వరస పెట్టి పక్కపక్కన ఉదహరించినవి సువార్తలే ముందు. రెండింటికీ కలిపే తాడు "వె-ఆహవ్తా" అన్న ఒకే మాట. తోరా మొత్తంలో సరిగ్గా ఆ రూపంలో అది నాలుగుసార్లే వస్తుంది. ఒకే మాట రెండుచోట్ల వస్తే ఒకదాని వెలుగులో ఇంకోదాన్ని చదవడం హిల్లేల్ పేరు మీద చెప్పే ఏడు సూత్రాల్లో ఒకటి. కాబట్టి పద్ధతి కూడా యూదు పద్ధతే, చేయి మాత్రం యేసుది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇంకా 613 ఎందుకు అని. మత్తయి 22:40లో మన అనువాదం ఈ రెండు ఆజ్ఞలు ధర్మశాస్త్రమంతటికీ ప్రవక్తలకూ "ఆధారమై యున్నవి" అంటుంది. గ్రీకులో ఉన్నది వేలాడటం అనే క్రియ, ఈ రెండింటి మీద అదంతా వేలాడుతోంది అని. రబ్బీలు కూడా ఇదే మాట వాడతారు, కొన్ని విధులు వెంట్రుకకు వేలాడే కొండల్లాంటివని మిష్నాలో ఉంది. దండెం గట్టిగా ఉందని ఎవరూ బట్టలు పారేయరు. దండెం కట్టిందే బట్టల కోసం. హిల్లేల్ మాటలో కూడా చాలామంది చివరి ముక్క, "వెళ్లి నేర్చుకో" అన్నది వదిలేసి చెప్తారు.

యూదులకు సారాంశాలంటే ఒక జంకు కూడా ఉంది, దానికో చరిత్ర ఉంది. ఒకప్పుడు దేవాలయంలో యాజకులు రోజూ పొద్దున పది ఆజ్ఞలూ షెమా కలిపి చదివేవారు. ఈజిప్టులో దొరికిన నాష్ పపైరస్ అనే క్రీ.పూ. రెండో శతాబ్దపు ముక్కలో కూడా పది ఆజ్ఞలు, వాటి కిందే షెమా ఉన్నాయి. తరవాత పది ఆజ్ఞల్ని రోజువారీ ప్రార్థనలోంచి తీసేశారు. కారణం తాల్ముదే చెప్తుంది, సీనాయి దగ్గర ఇచ్చింది ఇవి పదే, మిగతావి లెక్కలోవి కావు అని వాదించేవాళ్లు బయలుదేరారట. సారాంశాన్ని నెత్తిన పెట్టుకుని అసలు పుస్తకం మూసేస్తారన్న భయంతో ఏకంగా పది ఆజ్ఞల్నే పక్కకు జరిపారు! మీ టీచర్ చెప్పిన మాట వాళ్లు పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే విన్నారన్నమాట.

అయితే మీ టీచర్ వైపు కూడా చెప్పాలి. పౌలు గలతీయులకు రాస్తూ ధర్మశాస్త్రమంతా పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఒక్క మాటలో నెరవేరిందంటాడు, అదే పత్రికలో సున్నతి అక్కర్లేదని గట్టిగా పోట్లాడతాడు. యూదులు కాని విశ్వాసులకు ఈ సారాంశం నిజంగానే మిగతాదాని స్థానంలోకి వచ్చింది. అది క్రైస్తవ సంఘం తీసుకున్న దారి, దానికి దాని వాదన ఉంది. నాకున్న అభ్యంతరం ఒకటే, ఆ దారిని చూపించడానికి అవతలివాళ్లకు ప్రేమే తెలియదని చెప్పనక్కర్లేదు.

12వ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు 613 ఆజ్ఞల పట్టిక వేశాడు. చేయాల్సిన వాటిలో దేవుణ్ణి ప్రేమించడం 3వది, పొరుగువాణ్ణి ప్రేమించడం 206వది. సారాంశం అన్నది పట్టికలో ఒక వరసగా కూడా కూర్చుంది చూడండి. ఆయనే ఇంకోచోట, రోగిని చూడటానికి వెళ్లడం, చావు ఇంట్లో ఓదార్చడం, శవాన్ని మోయడం, పెళ్లికూతుర్ని సాగనంపడం, వచ్చిన చుట్టాన్ని కొంత దూరం వెంట వెళ్లి పంపడం, ఇవన్నీ ఆ 206వ దాని కిందకే వస్తాయని రాశాడు. తాల్ముద్ ఇంకా ముందుకు పోయి, అమ్మాయిని చూడకుండా పెళ్లి ఖాయం చేసుకోకూడదు అంటుంది, తరవాత నచ్చక చీదరించుకుంటే "నిన్నువలె నీ పొరుగువాని" అన్న ఆజ్ఞ తప్పినట్టని. పెళ్లిచూపులకు ఇంత గట్టి ప్రమాణ వచనం మనకు కూడా లేదేమో.

చివరగా మీ ప్రశ్న కింద ఇంకో లైను అడిగారు, "నిన్నువలె" అంటే మనల్ని మనం ప్రేమించుకోవాలని కూడా ఆజ్ఞ ఉన్నట్టేనా అని. దీనికి నేరుగా జవాబు కాదు గానీ ఒక కేసు చెప్తాను, తాల్ముద్‌లోదే. ఇద్దరు ఎడారిలో పోతున్నారు. ఒకరి చేతిలో నీళ్ల కూజా ఉంది. ఇద్దరూ తాగితే ఇద్దరూ చస్తారు, ఒక్కడే తాగితే ఊరు చేరతాడు. బెన్ పెతూరా అనే ఆయన ఇద్దరూ తాగి చావాలి గానీ ఒకడు ఇంకొకడి చావు చూడకూడదన్నాడు. అకివా వచ్చి, "నీ సహోదరుడు నీతో కూడా బతకాలి" అని రాసుంది, నీతో అన్నాడంటే నీ బతుకు ముందు, అని తేల్చాడు. పొరుగువాణ్ణి ప్రేమించడమే పెద్ద సూత్రం అన్న అకివాయే ఇది.

క్లాసులో దీని మీద గంట గంట వాదనలు జరిగేవి. సగం మంది బెన్ పెతూరా వైపు, వాళ్లకు అకివా స్వార్థపరుడిగా కనిపించేవాడు. ఒక ఏడు అనంతపురం నుంచి వచ్చిన కుర్రాడు వెనక బెంచీలోంచి లేచి, "సార్, ముందు ఆ కూజా ఎవరిదో, అన్ని మైళ్లూ ఎవరు మోసుకొచ్చారో చెప్పండి, తరవాత వాదించుకుందాం" అన్నాడు. ఎవరు మోశారో పుస్తకంలో లేదు, ఒకరి చేతిలో ఉందని మాత్రం ఉంది. ఆ మాట అప్పటిదాకా నేను గమనించకుండానే చదువుతూ వచ్చాను.